ఎవరినీ భయపెట్టని గంట

ఆ బుధవారం పంతులమ్మ వినార్సీ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పిల్లలు వేళకు రావాలి, వేళకు ఊడవాలి, వేళకు కూర్చోవాలి. తొమ్మిదింటికి సర్పంచ్ సుదిబ్యో వచ్చేసరికి పెండోపో బడి కూడా లోకంలోని మిగతా బడుల్లాగే కనిపించాలి. ఒక్క పూట కనిపిస్తే చాలు. ఆ తర్వాత మళ్లీ ఎలా ఉన్నా ఫర్వాలేదు.

కనిపించకపోతే ఇక బడే ఉండదు. నాలుగు స్తంభాలు, పెంకుల కప్పు, గోడలు లేని ఆ పెండోపో, వెనకున్న రెండు గదులు, వాటి వెనక పెరడు, అంతా వాతుసింబార్ ఊరుమ్మడి స్థలం. కౌలు గడువు ఆ నెలతో సరి. ఆ జాగాలో బ్యాడ్మింటన్ కోర్టు కట్టిస్తానని సర్పంచ్ ఊరి కుర్రకారుకు మాటిచ్చి ఉన్నాడు. వినార్సీ నాలుగుసార్లు ఆయన గడప తొక్కి బతిమాలితే, "ఒకసారి వచ్చి మీ దినచర్య చూస్తాలే అమ్మాయ్. బడి అనిపిస్తే ఆలోచిద్దాం" అన్నాడు. మా వైపు "ఆలోచిద్దాం" అంటే "కుదరదు" అని అర్థం. ఆ సంగతి వినార్సీకీ తెలుసు. అయినా ఆశ చావలేదు. ఆరేళ్లుగా ఆమె బతుకంతా ఆ నాలుగు స్తంభాల మధ్యే ఉంది మరి.

ఊళ్లో ఆ బడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, అది బడిలా లేదని. యూనిఫారం లేదు, తరగతుల్లేవు, బెత్తం అసలే లేదు. పొద్దున్నే పిల్లలు చాపల మీద గుండ్రంగా కూర్చుని ఆ రోజు ఎవరు ఏం నేర్చుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. ఒకడు బాతులకు ఎంత తవుడు పడుతుందో లెక్క కడతానంటాడు. ఒకమ్మాయి సోయా గింజలతో టెంపే పులియబెట్టడం నేర్చుకుంటానంటుంది. సభకు అధ్యక్షత వారానికొకరిది. పెద్దయినా చిన్నయినా చెయ్యెత్తి, వంతు వచ్చాకే మాట్లాడాలి. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం. ఒక్కరు తల అడ్డంగా ఊపినా కథ మళ్లీ మొదటికి వస్తుంది. పక్కింటి పైనెం పిన్ని ఇదంతా చూసి, "గంటైనా లేని బడి బడేంటమ్మా, మేక మెడకి కూడా గంటుంటుంది" అని కంచె మీంచి అందరికీ వినపడేట్టు అంటూ ఉండేది. ఆవిడ జామకాయలు ఎప్పటికప్పుడు మాయమయ్యేవి కాబట్టి ఆ మాత్రం అనే హక్కు ఆవిడకుంది.

అందుకే సోమవారం సభలో వినార్సీ చెయ్యెత్తింది. "కనీసం ఒక గంట పెట్టుకుందామా? సర్పంచ్ గారు వచ్చే ఆ ఒక్క రోజుకైనా?"

చర్చ చాలాసేపు సాగింది. అందరూ ఒప్పుకుంటున్నారనగా, పట్నం బడి నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్లాడొకడు "అక్కడ గంట కొడితే నాకు కడుపునొప్పి వచ్చేది" అన్నాడు. సభ అంతా వాడివైపే మొగ్గింది. చివరికి తేలిందేమిటంటే, గంట ఉండొచ్చు గాని అది ఎవరినీ భయపెట్టకూడదు.

గంట బాధ్యత పదకొండేళ్ల తేగర్ తీసుకున్నాడు. వాడు వంటగది అటక మీంచి దుంగను తొలిచి చేసిన పాత డప్పు ఒకటి దింపి, దుమ్ము దులిపి, వేళ్లతో మెల్లిగా రకరకాలుగా వాయించి చూపించాడు. గబగబా కొడితే ఇల్లు కాలుతున్నట్టుందన్నారు. మూడేసి దెబ్బలు కొడితే పోలీసులు వచ్చినట్టుందన్నారు. ఆఖరికి ఒక దెబ్బ కొట్టి, ఆ మోత పూర్తిగా చల్లారేదాకా ఆగి, మళ్లీ ఇంకో దెబ్బ కొట్టాడు. కడుపునొప్పి పిల్లాడు కళ్లు మూసుకుని విని, "ఇది బాగుంది. నిద్రొస్తోంది" అన్నాడు. అందరూ తలూపారు. వినార్సీ కూడా ఊపింది. ఆమె సెమరాంగ్ పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, దుంగడప్పుల భాష ఆమెకేం తెలుసు.

ఆ భాష తెలిసిన మనిషి బళ్లో ఒక్కరే ఉన్నారు, బడి పెట్టిన ప్రణోతో మాస్టారు. ఆ సభలో ఆయనా చెయ్యెత్తారు గాని, అది వేరే పని మీద. "ఇక్కడ ఎవరికి నచ్చింది వాళ్లు నేర్చుకోవచ్చంటారు కదా. నలభై ఏళ్లు సర్కారు బడి ఉద్యోగం చేశాను, ఏనాడూ కోడి కంటే ఆలస్యంగా లేవలేదు. నాకు మధ్యాహ్నం దాకా నిద్రపోవడం నేర్చుకోవాలనుంది" అన్నారు. పిల్లలు దాన్ని చాలా శ్రద్ధగా తీసుకున్నారు. తాత తనంతట తాను లేచేదాకా ఎవరూ ఆయన గదిలోకి పోకూడదని తీర్మానించి, దోమతెర కట్టి, చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా ఇచ్చారు. వాయింపు పరీక్షలు మొదలయ్యేసరికి మాస్టారు అభ్యాసానికి వెళ్లిపోయారు.

ఇంతకీ సంగతేమిటంటే, ఒక దెబ్బ, ఒక మౌనం, మళ్లీ ఒక దెబ్బ, ఇది వాతుసింబార్‌లో తాతల నాటి నుంచి చావు కబురు. మసీదుకు మైకు వచ్చాక డప్పు మూలన పడింది, పిల్లలెవరూ దాన్ని విని ఎరగరు. కాని పెద్దవాళ్లు మరిచిపోలేదు. పైగా పోయిన వారమే మసీదు మైకు పాడై రిపేరుకు వెళ్లింది. కాబట్టి బుధవారం పొద్దున బడి వైపు నుంచి ఆ మోత వినపడగానే ఊరు ఊరంతా చేస్తున్న పని ఆపి, మైకు లేదు కదా, పాపం డప్పు కొడుతున్నారు అనుకుంది. ఎవరికోసమో ఆలోచించనక్కర్లేదు. మాస్టారికి పోయిన వారం దగ్గుంది, రెండు రోజులుగా బయట కనిపించలేదు.

పైనెం పిన్ని అందరికంటే ముందు వచ్చింది. నల్ల కెబాయా రవిక తొడుక్కుని, తలమీద ముసుగు కప్పుకుని, చేతిలో గుడ్డ కప్పిన బేసిన్ పట్టుకుంది. అందులో బియ్యం, పైన పంచదార పొట్లం. మా ఊళ్లో వరి తర్వాత బాగా పండేది మొహమాటం. చావింటికి ఉత్తిచేతులతో వెళ్లకూడదు. వెళ్లాక ఎవరు పోయారు, ఎలా పోయారు అని ఆరా తీయకూడదు. ఇటు ఇంటివాళ్లు, ఏదైనా పట్టుకొచ్చినవాళ్లను ఎందుకు తెచ్చారని అడగకూడదు. అలా అడగరానివాళ్లిద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడ్డారు.

పిన్ని మనసు మారింది, సర్పంచ్ ముందు బడికి అండగా నిలబడటానికి వచ్చింది అనుకుంది వినార్సీ. బేసిన్‌ను రెండు చేతులా అందుకుంది.

"ఎందుకు పిన్నిగారూ, మీకు శ్రమ."

"శ్రమేముందమ్మా. ఇలాంటప్పుడు కాకపోతే ఇరుగుపొరుగు ఇంకెప్పుడు? నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు తల్లీ."

"ఉన్నాను పిన్నిగారూ. రాత్రి కంటిమీద కునుకు లేదు, అంతే."

"ఎలా పడుతుందిలే. మరి ఎన్నింటికి?"

"తొమ్మిదింటికండి. సర్పంచ్ గారు రాగానే."

"అంత తొందరగానా?"

"ఆయనకి మళ్లీ తీరిక లేదంట."

పైనెం సర్పంచ్‌ను మనసులో నాలుగు తిట్లు తిట్టుకుంది. మనిషి ఆఖరి ప్రయాణానికి కూడా ఆయనగారి తీరిక చూసుకోవాలా అనుకుంది. ఇంతలో ఆ వారం అధ్యక్షురాలు, పదేళ్ల గెందిస్, చీపురు పట్టుకుని అటుగా వచ్చింది.

"మీ తాత ఏ గదిలో ఉన్నారమ్మా?" అని మెల్లిగా అడిగింది పైనెం.

"చివరి గదిలో అత్తా. కాని లోపలికి ఎవరూ వెళ్లకూడదు. దోమతెర కట్టేశాం, చెవుల్లో దూది పెట్టాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అని చెప్పి, గెందిస్ మిగిలిన మెట్లు ఊడ్చుకుంటూ పోయింది.

కంట తడి లేదు, గొంతులో వణుకు లేదు, ఊడవాల్సిన మెట్లు మాత్రం మరిచిపోలేదు. క్రమశిక్షణ లేని గాలిమూక అని ఆరేళ్లుగా తాను తిట్టిన పిల్లలు వీళ్లేనా అని పైనెం అక్కడే కూలబడి ముక్కు చీదింది.

ఆవిడ వెనకే ఇంకో పదిమంది ఆడవాళ్లు బేసిన్లతో వచ్చారు. వాళ్ల వెనక మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు, టార్పాలిన్, వెదురు గడలు మోసుకొచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా ముంగిట పందిరి వేయడం మొదలుపెట్టారు. పిల్లలకు పండగలా ఉంది. గెందిస్ మాత్రం నొసలు చిట్లించింది.

"అక్కా, అనుకోని పని ఏదొచ్చినా సభ పెట్టాలి కదా."

"పెట్టాలి" అంది వినార్సీ. సర్పంచ్ వచ్చేసరికి అందరూ సభలో కూర్చుని ఉంటే ఇంకా మంచిదే కదా.

సభ పిలవడానికి తేగర్ మళ్లీ డప్పు కొట్టాడు. ఈసారి బాధ్యతగా ఇంకా గట్టిగా, ఇంకా నిదానంగా కొట్టాడు. ఆ మోత వాగు దాటి పక్క పల్లెకు పోయింది. మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు ఆ పల్లెలోనే ఎక్కువ. కాసేపటికి వాళ్లు రెండు ట్రక్కుల్లో దిగారు. ఇంతమందికి చాపలు చాలవు, ఏం చేయాలో తేల్చాలి అంటూ గెందిస్ మళ్లీ డప్పు కొట్టించింది. అప్పుడు కొండవాలు మీద క్యాబేజీ మళ్లలో ఉన్నవాళ్లు కూడా బుట్టలు దించి బయల్దేరారు.

చివరికి సభ మొదలైంది. పెండోపోలో సభ జరిగేటప్పుడు లోపలున్న ప్రతివారూ సభ్యులే, అది బడి నియమం. గెందిస్ సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల పక్కన నిలబడింది. "ఈ రోజు ఎవరెవరు ఏ పని చేస్తారు? చెయ్యెత్తి చెప్పాలి. ఒకరి తర్వాత ఒకరు."

చావింట్లో ఇంత పద్ధతిగా పనులు పంచడం ఊరు ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు చెయ్యెత్తి వంట తీసుకున్నారు. ఒక పెద్దావిడ రెండు డేగిసాల నీళ్లు కాచే పని తీసుకుంది. ఇంతమందికి టీ అంటే ఆ మాత్రం నీళ్లు కావాలి కదా అనుకుని, వినార్సీ ఆవిడకు టీపొడి డబ్బా అందించింది. ఆవిడ ఆ డబ్బాను అయోమయంగా చూసి, పట్నం ఆచారం కాబోలనుకుని ఊరుకుంది. తర్వాత బ్యాడ్మింటన్ జట్టు నాయకుడు హెంద్రో లేచాడు. బడి ఖాళీ చేయించాలని సర్పంచ్ వెంట తిరుగుతున్నది అతనే.

"తవ్వే పని మా కుర్రాళ్లం చూసుకుంటాం" అన్నాడు తల దించుకుని.

తేగర్ ముఖం వెలిగిపోయింది. పెరట్లో చేపల గుంట కోసం వాడు నాలుగు నెలలుగా సభల్లో పోరాడుతున్నాడు. "ఎక్కడ తవ్వాలో నేను చూపిస్తానన్నా. తాత సున్నంతో గీత గీసి పెట్టారు."

"మాస్టారా? తన చేత్తోనే గీశారా?"

"అవును. నావల్ల కాదురా, బలమైన కుర్రాళ్లు వచ్చిన రోజున తవ్వించుకోండి అన్నారు."

"పొడవెంత ఉండాలన్నారు?"

"కొలవడానికి టేపు దొరకలేదని ఆయనే పడుకుని చూశారు. సరిగ్గా సరిపోయింది."

హెంద్రో చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. అంత తెలిసి, అంత ప్రశాంతంగా, తన చోటు తానే చూసుకున్న మనిషి స్థలంలో తాను షటిల్ కాక్ ఎగరేద్దామనుకున్నాడు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. అతను గునపం అందుకుని గబగబా పెరట్లోకి నడిచాడు. జట్టు మొత్తం వెనకే వెళ్లింది.

వినార్సీకి ఇదంతా కలలా ఉంది. బడి పెట్టిన రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక, ఊరు వచ్చి ఈ చాపల మీద కూర్చోవాలని. ఈ రోజు మొత్తం ఊరు కూర్చుంది, చెయ్యెత్తి మాట్లాడుతోంది, ఒక పిల్ల చెబితే వింటోంది. ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. అది చూసి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "పాపం, ఇప్పటిదాకా బిగబట్టుకుంది" అని నిట్టూర్చారు.

సరిగ్గా అప్పుడు సర్పంచ్ సుదిబ్యో మోటారుసైకిల్ దిగాడు. దారిలోనే కబురు తెలిసి, వెనక్కి తిరిగి ఇంటికెళ్లి నల్లటోపీ పెట్టుకుని మరీ వచ్చాడు. ఆయన కూడా ఒకప్పుడు ప్రణోతో మాస్టారి దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాడే. లోపల చూస్తే వందమంది పైగా గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటున్నారు. పిల్లలు చప్పుడు లేకుండా టీ అందిస్తున్నారు. తన ఊరి సభలో ఇలాంటిది ఆయన ఎప్పుడూ చూసి ఉండలేదు. గొంతు సవరించుకుని మాట్లాడబోయాడు.

"సర్పంచ్ గారూ, ముందు చెయ్యెత్తాలి" అంది గెందిస్.

ఆయన చెయ్యెత్తాడు. వంతు వచ్చేదాకా ఎత్తే ఉంచాడు.

"ఏం చెప్పమంటారు" అని మొదలుపెట్టాడు వంతు వచ్చాక. "ఏడో ఎక్కం రాక నేనేడుస్తుంటే, ఆయన సగం రొట్టె నాకు పెట్టి, మిగతా సగం తను తింటూ కూర్చున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. అలాంటి మనిషి స్థలం నేను లాక్కుందామనుకున్నాను. కోర్టు కడదామనుకున్నాను." ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మీ అందరి ముందు చెబుతున్నాను. ఈ స్థలం ఈ బడిదే. కౌలూ వద్దు, గడువూ వద్దు. బడి ఉన్నన్నాళ్లు ఎవరూ దీని జోలికి రాకూడదు."

పిల్లలు చప్పట్లు కొట్టబోయి, పెద్దలెవరూ కొట్టకపోవడంతో ఆగిపోయారు. వారానికోసారి ఒకరి గురించి ఒకరు మంచి మాటలు చెప్పుకునే ఆనవాయితీ ఆ బళ్లో ఉంది. ఈ వారం తాత వంతు కాబోలు అనుకున్నారు వాళ్లు. గెందిస్ సభంతా కలయజూసింది. "ఎవరికైనా అభ్యంతరమా?" ఎవరికీ లేదు. వందకు పైగా తలలు ఊగాయి. ఆమె బల్ల మీద రాసి, కింద గీత గీసింది. "తీర్మానం అయింది."

సర్పంచ్ ఇంకా కూర్చోలేదు. "ఇంకొక్క మాట. పెరట్లో ఆయన కోరుకున్న చోటే సమాధి చేద్దాం. దానికీ నా అనుమతి ఉంది."

వినార్సీ చెంపల మీద కన్నీళ్లు ఉన్నచోటే నిలిచిపోయాయి. సమాధి ఏమిటి? ఆమె బేసిన్ల వైపు చూసింది. నల్ల బట్టల వైపు చూసింది. పందిరి, కాగుతున్న నీళ్లు, పెరట్లో గునపాల చప్పుడు. డప్పు వైపు చూసింది. ఇప్పుడామెకు అంతా అర్థమైంది.

లేచి నిజం చెప్పాలి. చెబితే స్థలం పోతుంది. చెప్పకపోతే స్థలం ఉంటుంది, కాకపోతే ఇంకాసేపట్లో ఊరంతా కలిసి నిద్రపోతున్న మాస్టారికి స్నానం చేయిస్తుంది. ఆమె చెయ్యి సగం దాకా లేచి ఆగింది. ఆరేళ్ల కష్టం, ఇంతమంది పిల్లలు, బల్ల మీద ఇప్పుడే గీసిన ఆ గీత. చెయ్యి దిగింది. మళ్లీ తనమీద తనకే అసహ్యం వేసి, ఈసారి పూర్తిగా ఎత్తింది.

"నీ ముందు ఏడుగురున్నారక్కా" అంది గెందిస్.

"ఇది అర్జెంటు గెందిస్."

"అందరిదీ అర్జెంటేనక్కా. నువ్వే కదా ఈ నియమం పెట్టావు."

ఆ ఏడుగురూ మాస్టారి మంచితనం గురించి తీరిగ్గా చెబుతుండగా, చివరి గది తలుపు తెరుచుకుంది. ప్రణోతో మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని, చెవుల్లో దూది తీసుకుంటూ బయటికొచ్చారు. ఆ రోజు అభ్యాసం అంత బాగా సాగలేదు, వెనక ఎవరో తవ్వుతుంటే మంచం అదురుతోంది. సభ జరుగుతోందని చూసి, నియమం ప్రకారం చప్పుడు చేయకుండా వెళ్లి వెనక వరుసలో కూర్చున్నారు. పక్కన ఉన్నది సమిది ముసలాయన. ఇద్దరూ చదరంగం ఆడుకునే జోడీ. సమిదికి రెండు కళ్లలోనూ శుక్లాలు, మనిషి నీడగానే ఆనతాడు.

"ఏంటి విశేషం?" అని గొంతు తగ్గించి అడిగారు మాస్టారు.

"చావు. వేరుశనక్కాయలు తింటారా?"

మాస్టారు గుప్పెడు తీసుకున్నారు. "ఎవరు పోయారు?"

"ప్రణోతో మాస్టారు."

మాస్టారు ఒక కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకుని ఆలోచించారు. ముందు కూర్చున్నవాళ్లు తన గురించి ఎంత బాగా చెబుతున్నారో వినపడింది. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా వినని మాటలవి. అడ్డు చెప్పబుద్ధి కాలేదు.

"మంచి మనిషే ఉంటాడు" అన్నారు.

"మంచివాడే" అన్నాడు సమిది. "చదరంగంలోనే కాస్త దొంగాట. నాకు కళ్లు ఆనవని తెలిసి ఏనుగును పక్కగడిలోకి జరిపేవాడు. పోయినవాడి గురించి అనకూడదులే."

మాస్టారి చెయ్యి నిటారుగా పైకి లేచింది.

"తాత చెయ్యెత్తారు" అంది గెందిస్ మామూలుగా. "మీ ముందు అయిదుగురున్నారు తాతా."

వంద తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. పైనెం పిన్ని చేతిలోని టీగ్లాసు జారి పడింది. ఆ అయిదుగురూ తమ వంతు వదులుకున్నారు.

"నేను జీవితంలో ఒక్కసారి కూడా ఏనుగును జరపలేదు" అన్నారు ప్రణోతో మాస్టారు లేచి నిలబడి. "మిగతావన్నీ నిజమే, చెప్పినవాళ్లందరికీ నమస్కారం."

సమిది ఒక్కడే కంగారుపడకుండా, "ఇదిగో, ఈ గొంతే. ఓడిపోతే ఇలాగే అరుస్తాడు" అన్నాడు.

ఆ తర్వాత పెండోపోలో జరిగిన గొడవకు నియమాలేవీ వర్తించలేదు. ఏడ్చినవాళ్లు నవ్వారు, నవ్వినవాళ్లు మళ్లీ ఏడ్చారు. వినార్సీ డప్పు సంగతీ, కడుపునొప్పి పిల్లాడి సంగతీ, నిద్ర అభ్యాసం సంగతీ తడబడుతూ చెప్పి, చేతులు జోడించి అందరికీ క్షమాపణ చెప్పుకుంది. సర్పంచ్ ముఖం మాత్రం ఎర్రమిరపకాయ రంగుకు తిరిగింది.

"నేను మాటిచ్చింది పోయిన మనిషి కోసం. మనిషి పోలేదు కాబట్టి ఆ మాట లేదు" అన్నాడు.

గెందిస్ సుద్దముక్కతో బల్ల చూపించింది. "తీర్మానం అయిపోయింది సర్పంచ్ గారూ. మార్చాలంటే ఇంకో సభ పెట్టాలి. ఇక్కడున్న అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు వద్దన్నా కుదరదు."

"పెట్టు. వద్దనేదెవరు?" అంటూ ఆయన జనం వైపు తిరిగాడు. "ఏమంటారు?"

వాతుసింబార్‌లో సర్పంచ్ ముఖాన "వద్దు" అన్నవాళ్లు అప్పటిదాకా లేరు. ఇప్పుడూ అనలేదు. "ఆలోచిద్దామండి" అంది నీళ్లు కాచిన పెద్దావిడ. "మీరెలా అంటే అలాగేనండి, కాకపోతే ఆలోచించాలి" అన్నాడొక రైతు. పెరట్లోంచి చెమటలు కక్కుతూ వచ్చిన హెంద్రో కూడా బూట్ల మట్టి చూసుకుంటూ, "నిదానంగా ఆలోచిద్దాం సార్" అన్నాడు. ఆ మాట అర్థం ఆ ఊళ్లో సర్పంచ్ కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

పైనెం పిన్ని మొహమాటం మాత్రం గ్లాసుతోపాటే పగిలిపోయింది. ఆవిడ చెయ్యెత్తింది, వంతు కోసం ఆగింది, లేచింది. "నేను వద్దంటున్నానండి. మీరు ఏడ్చి మరీ ఇచ్చారు. ఏడుస్తూ ఇచ్చింది మనిషి బతికున్నాడన్న కోపంతో తీసుకుంటారా? ఊళ్లో ఏమనుకుంటారు? నా జామకాయల సంగతంటారా, అది నాకూ ఈ పిల్లలకూ మధ్య. మీకనవసరం."

సర్పంచ్ కూర్చున్నాడు. కాసేపటికి ఎవరో ఆయన చేతిలో అన్నం పళ్లెం పెట్టారు. చావింటికి తెచ్చిన బియ్యం వెనక్కి పట్టుకుపోతే కీడు, తవ్విన గొయ్యి ఖాళీగా వదిలేస్తే ఇంకా కీడు. కాబట్టి బియ్యం వండేసి అందరూ అక్కడే తిన్నారు. సాయంత్రానికి గొయ్యిలో నీళ్లు నింపి, తేగర్ చెప్పిన రకం చేపపిల్లలు తెచ్చి వదిలారు. ప్రణోతో మాస్టారు గట్టున నిలబడి, లోతు సరిపోయిందని మెచ్చుకున్నారు. వినార్సీ ఎంగిలి పళ్లేలు ఎత్తుతూ తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. అంత తేలికైన మనసుతో ఆమె ఆరేళ్లలో ఎప్పుడూ పళ్లేలు ఎత్తలేదు.

వారం తిరక్కుండానే స్థలం పత్రం తయారైంది. అందులో "కీర్తిశేషులు ప్రణోతో గారి స్మారకార్థం" అని రాసి ఉంది. వినార్సీ అది చూసి ఉలిక్కిపడితే సర్పంచ్ చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. "బతికున్న మనిషికి ఊరి స్థలం ఎందుకిచ్చావని పైవాళ్లడిగితే, ఈ కథంతా నేను మొదటి నుంచి చెప్పుకోవాలి. పోయిన మనిషికైతే ఎవరూ ఏమీ అడగరు. అలాగే ఉండనీండి" అన్నాడు. మాస్టారు కూడా తనకేమీ అభ్యంతరం లేదన్నారు.

పత్రానికి ఇంకా ఒక సాక్షి సంతకం తక్కువైతే, కీర్తిశేషులే కలం అందుకున్నారు.